మెయిన్ తెరచాప బరువెక్కిందా? ఒక్క మనిషి చేతికి లొంగేలా చేసుకోవడం ఎలా

“మెయిన్ ఎత్తేసరికి భుజాలు పడిపోతున్నాయండీ, ఎలక్ట్రిక్ వించ్ పెట్టించేయమంటారా?” కాస్త పెద్ద పడవకు మారినవాళ్లు, నడుమూ మోకాళ్లూ మొరాయిస్తున్నవాళ్లు, ఆలుమగలిద్దరే సముద్రం మీద తిరిగేవాళ్లు, అందరూ అడిగేది ఇదే. వించ్ అంటే మోకును చుట్టుకుని లాగే డ్రమ్ము. నా జవాబూ ప్రతిసారీ ఒకటే: డబ్బు తీసే ముందు మోకుకి త్రాసు తగిలించి చూడండి. చాలా పడవల్లో చాప బరువు అసలు సమస్యే కాదు. మీ చెయ్యి లాగిన బలాన్ని దారిపొడవునా ప్రతి గిలకా, ప్రతి మలుపూ కొంత కొంత తినేస్తుంటాయి. అదీ సమస్య. మోటారు పెడితే ఆ తిండి ఆగదు, మీ కంటికి కనబడకుండా పోతుంది, అంతే. ఏదో ఒకరోజు బిగుసుకున్న చోట మోటారు ఆగకుండా లాగి చాప చింపుతుంది.

ఇది 10 నుంచి 13 మీటర్ల మామూలు క్రూజింగ్ పడవను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మాస్ట్ చాపను మోసే నిలువు స్తంభమనీ, బూమ్ చాప అడుగున ఉండే అడ్డదూలమనీ, హాలియార్డ్ చాపను పైకెత్తే మోకనీ, షీట్ బూమ్‌ను లోపలికి లాగేదనీ, వ్యాంగ్ బూమ్ పైకి లేవకుండా కిందికి పట్టి ఉంచేదనీ మీకు తెలుసనుకుంటాను. పని మొత్తం రెండు రోజులది. ఒక్కరే చేసుకోవచ్చు, మాస్ట్ ఎక్కాల్సి వస్తే తప్ప.

కావలసినవి

- 50 కిలోల దాకా చూపే కొక్కెం త్రాసు. ప్రయాణం సామాను తూచుకునేది చాలు.
- మాస్ట్ ఎత్తుకు తగ్గ సన్నతాడు, 5 లేదా 6 మి.మీ.ది.
- బకెట్, మంచినీళ్లు, పల్చటి సబ్బునీళ్లు, పాత బనీను గుడ్డలు.
- పొడిగా ఆరిపోయే సిలికాన్ లేదా టెఫ్లాన్ స్ప్రే. తడి నూనె వద్దు. ఎందుకో కింద చెబుతాను.
- వించ్ కోసం కిరోసిన్, పాత టూత్‌బ్రష్, వించ్ గ్రీజు, పల్చటి నూనె, కొన్ని స్పేర్ స్ప్రింగులు.
- గుర్తులకు పర్మనెంట్ మార్కర్, గట్టి దారం, సూది.
- గాలి లేని ఒక ఉదయం. ఇది లేకపోతే మిగతావి ఉన్నా దండగ.

1. ముందు తూచండి

పడవ ముక్కు గాలికి ఎదురుగా ఉండాలి. షీట్, వ్యాంగ్ వదులుగా వదిలేయండి. హాలియార్డ్‌ను వించ్ మీది నుంచి తీసేసి, మోకును జారకుండా పట్టి ఉంచే క్లచ్ తెరవండి. మీరు చేత్తో లాగే చోట ఒక పొట్టి తాడుతో హాలియార్డ్ మీద జారని ముడి వేసి, దానికి త్రాసు కొక్కెం తగిలించి మెల్లగా లాగండి. కదలడం మొదలైనప్పుడు ముల్లు ఎగిరి చూపే అంకెను లెక్కలోకి తీసుకోకండి, కదులుతూ ఉండగా చూపేదే అసలుది. చాప కొంచెం లేచాక ఒకసారి, సగంలో ఒకసారి, పైన ఇంకో మీటరు ఉందనగా ఒకసారి చూసి మూడూ రాసుకోండి. అంకె 50 దాటేలా ఉంటే అక్కడితో ఆపేయండి, జవాబు దొరికినట్టే.

చాప బరువు ఎంతో తెలియకపోతే సంచిలో పెట్టి ఇంట్లో బరువు మిషను మీద తూచండి. చాప 25 కిలోలైతే, పైన ఆఖరి మీటరు దగ్గర త్రాసు 30, 32 చూపితే బాగున్నట్టు. 40 చూపిందంటే దొంగ ఎక్కడో ఉన్నాడు. ఒక్కో మలుపు 10 శాతం తింటే, అయిదు మలుపులు తిరిగేసరికి 25 కిలోలు 40 అవుతాయి. లెక్క వేసి చూసుకోండి, గుణకారమే. మంచి బాల్ బేరింగ్ గిలక ఇందులో కొద్దిపాటే తింటుంది. తిరగడం మానేసిన గిలకైతే 10 దగ్గర ఆగదు.

2. దొంగ పైన ఉన్నాడా, కింద ఉన్నాడా

ఇప్పుడు చాప దించి, హాలియార్డ్ కొసను చాప తల నుంచి విప్పండి. విప్పిన మరుక్షణం, ఇంకేమీ చేయకముందే, ఆ కొసకి సన్నతాడు కట్టండి. రెండో చివర మాస్ట్ అడుగున కట్టేయండి. ఇది మరిచిపోతే హాలియార్డ్ తన బరువుకి తానే జారి మాస్ట్ తలకెళ్లి కూర్చుంటుంది. నాకు ఒకసారి అలాగే అయింది, ఫోను మోగిందని అటు తిరిగాను, అంతే. ఆ పూటంతా మాస్ట్ మీదే గడిచింది.

సన్నతాడు కట్టాక హాలియార్డ్‌ను పైకీ కిందికీ లాగి మళ్లీ తూచండి. చాప లేదు కాబట్టి నాలుగైదు కిలోలు మించకూడదు. మించితే తప్పు గిలకల్లో, మలుపుల్లో ఉంది. ఇక్కడ తేలిగ్గా వచ్చి చాపతో మాత్రం బరువైతే తప్పు మాస్ట్ వెనకనున్న ట్రాక్‌లో, చాప ముందంచును పట్టుకుని అందులో జారే స్లైడుల్లో ఉంది. రెండూ బాగులేని పడవలూ ఉంటాయి, కంగారు పడకండి.

గిలకలే తప్పయితే ఒక చిన్న పని: ప్రతి గిలక చక్రం అంచున మార్కర్‌తో చుక్క పెట్టి, మోకు లాగుతూ చూడండి. మోకు కదులుతుంటే చుక్క కూడా తిరగాలి. చుక్క ఉన్నచోటే ఉండి, మోకు దాని మీద రాసుకుంటూ పోతోందంటే అది గిలక కాదు, ఇనుప బద్దె. మాస్ట్ తల మీది చక్రాన్ని కింద నుంచి బైనాక్యులర్‌తో చూడొచ్చు. అక్కడ చుక్క పెట్టలేరు గానీ చక్రం మీద ఏదో ఒక గీతో మరకో ఉంటుంది.

3. ట్రాక్ శుభ్రం చేయండి

చాప స్లైడులన్నీ తీసి, ఒక స్పేర్ స్లైడుకి తడిగుడ్డ చుట్టి కుట్టండి. ట్రాక్‌లో కొంచెం బిగుతుగా పోవాలి. పైకి హాలియార్డ్, కిందికి సన్నతాడు కట్టి సబ్బునీళ్లతో పైకీ కిందికీ నాలుగైదు సార్లు లాగండి. మొదటి రెండుసార్లు గుడ్డ నల్లగా వస్తుంది, ఉప్పూ అల్యూమినియం పొడీ కలిసిన నలుపది. తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి. ఆరాకే పొడి స్ప్రే, అదీ గుడ్డ మీద కొట్టి గుడ్డతో పూయండి.

నూనె, గ్రీజు ఎందుకు వద్దంటే, మొదటి వారం చాప వెన్నలా జారుతుంది, రెండో నెలకి ఆ జిడ్డుకి దుమ్మంతా పట్టి మునుపటి కంటే బరువవుతుంది, పైగా చాప ముందంచు పొడవునా నల్లటి చార. స్ప్రే డెక్ మీద పడనివ్వకండి. మరునాడు అక్కడ కాలు పెట్టినవాళ్లు తిన్నగా నీళ్లలోకి పోతారు.

స్లైడులు ట్రాక్‌లోకి ఎక్కే గేటు దగ్గర వేలికొస పెట్టి తడమండి. గోరు తగిలేంత మెట్టు ఉన్నా ప్రతి స్లైడూ అక్కడ ఆగుతుంది. సన్న ఆకురాయితో ఆ అంచు గుండ్రం చేయండి.

చాపకు అడ్డంగా ముందంచు నుంచి వెనకంచు దాకా పోయే పూర్తి బ్యాటెన్లు, అంటే చాప ఆకారం నిలిపే సన్నని బద్దలు, ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. బ్యాటెన్ ముందుకు తోస్తూ స్లైడును ట్రాక్‌కేసి నొక్కుతుంది. మామూలు ప్లాస్టిక్ స్లైడు ఆ తోపుకి బిగుసుకుపోతుంది. శుభ్రం చేసినా బ్యాటెన్ దగ్గరే ఆగుతోందంటే, ఆ మూడు నాలుగు చోట్ల స్లైడుకి బదులు బ్యాటెన్ కార్లు, అంటే ట్రాక్‌లో నడిచే చిన్న బండ్లు, పెట్టించండి. నన్నడిగితే ఎలక్ట్రిక్ వించ్ కంటే ముందు డబ్బు పోయాల్సిన చోటు ఇదే.

4. గిలకలు, మోకులు

ప్లాస్టిక్ బాల్ బేరింగులున్న గిలకలకి గ్రీజు పెట్టకండి. మంచినీళ్లు ధారగా పోస్తూ చక్రం తిప్పండి, ఉప్పు కరిగిపోతే చాలు. దానికీ తిరగకపోతే మార్చండి.

మోకు లావు కూడా చూసుకోండి. చాలా పడవల్లో అవసరానికి మించి లావు మోకులుంటాయి, 12 మి.మీ. పాలియెస్టర్ బదులు డైనీమా అనే గట్టి నార గర్భం ఉన్న 10 మి.మీ.ది వేస్తే బలం తగ్గదు, సాగదు, మలుపుల్లో తేలిగ్గా తిరుగుతుంది. కానీ మీ క్లచ్ ఎంత లావు మోకుని పట్టగలదో దాని మీద రాసి ఉంటుంది, అది చూడకుండా కొనొద్దు. సన్న మోకు క్లచ్‌లోంచి జారుతుంది. 8 మి.మీ. కంటే సన్నదైతే చేతులు కోస్తుంది.

5. వించ్ విప్పండి

భయం అక్కర్లేదు, కానీ ముందొక అట్టపెట్టె తీసుకుని అడుగున వించ్ పట్టేంత కన్నం చేసి, దాని చుట్టూ తొడగండి. డ్రమ్ పైకి లాగేటప్పుడు లోపలి బేరింగ్ దానికి అతుక్కుని సగం పైకొచ్చి, అప్పుడు ఊడుతుంది. అది డెక్ మీద ఒకసారి ఎగిరి రెండోసారి నీళ్లలో పడుతుంది. స్ప్రింగులైతే ఆ ఒక్కసారి కూడా ఎగరవు.

ప్రతి భాగం తీసిన వరసలోనే ఒక గుడ్డ మీద పేర్చి ఫోటో తీసుకోండి. కిరోసిన్‌లో కడిగి, ఆరనిచ్చి, పళ్లచక్రాలకీ బేరింగులకీ పల్చగా గ్రీజు రాయండి. పాల్స్ అనే చిన్న మెటల్ నాలుకలకీ వాటి స్ప్రింగులకీ మాత్రం గ్రీజు తగలనివ్వొద్దు, నూనె చుక్క చాలు. గ్రీజుకి పాల్ అతుక్కుపోతే బరువు మీద ఉన్నప్పుడు డ్రమ్ వెనక్కి తిరుగుతుంది, హ్యాండిల్ మీ మణికట్టుని విరుస్తుంది. బిగించాక డ్రమ్ తిప్పితే టిక్ టిక్ మని స్పష్టంగా వినబడాలి. మందంగా వినబడితే మళ్లీ విప్పండి.

పెద్ద వించ్ కావాలా అని ఆలోచిస్తున్నవాళ్లకి ఒక ముక్క: వించ్ సైజు అంకె దాని బలానికి దగ్గరగా ఉంటుంది. 40 నంబరు వించ్ తక్కువ గేరులో, 254 మి.మీ. హ్యాండిల్‌తో, రాపిడి లెక్కలోకి తీసుకోకపోతే మీ బలాన్ని సుమారు 40 రెట్లు చేస్తుంది. 25 కిలోల చాపకి అది చాలదంటే తప్పు వించ్‌ది కాదు.

6. పనంతా ఒకేచోట

అన్ని మోకులూ పడవ నడిపేవాళ్లు కూర్చునే కాక్‌పిట్‌లోకి తెస్తే సుఖం అని అందరూ చెబుతారు. నిజమే, కానీ మాస్ట్ అడుగున ఒక మలుపు, డెక్ మీద ఒక మలుపు, క్లచ్, ఇలా రాపిడి పెరుగుతుంది. మాస్ట్ దగ్గరే నిలబడి మొత్తం చేసుకోవడం కూడా మంచి ఏర్పాటే. అన్నిటికంటే చెడ్డది సగం అక్కడా సగం ఇక్కడా ఉండటం: హాలియార్డ్ కాక్‌పిట్‌లో, రీఫ్ కొక్కెం మాస్ట్ దగ్గర (రీఫ్ అంటే గాలి పెరిగినప్పుడు చాపను కొంత దించి చిన్నది చేసుకోవడం). ఒంటరిగా ఉన్నవాళ్లు ఆ రెంటి మధ్య అలల్లో నాలుగుసార్లు పరిగెత్తాలి.

కాక్‌పిట్‌లోకి తెచ్చేట్టయితే మాస్ట్ అడుగు గిలకని జాగ్రత్తగా బిగించండి. మోకు అక్కడ లంబకోణంలో తిరుగుతుంది, మోకులో ఉన్న లాగుడుకి 1.4 రెట్లు ఆ గిలక మీద పడుతుంది. పూర్తిగా వెనక్కి తిరిగితే 2 రెట్లు. మర మేకులతో కాదు, డెక్ కింద పలక పెట్టి బోల్టులతో బిగించాలి.

ప్రత్యామ్నాయం: చాప తల దగ్గర ఒక గిలక పెట్టి హాలియార్డ్‌ను రెండు పేటలు చేయడం. లాగుడు సగమవుతుంది, లాగాల్సిన మోకు రెట్టింపవుతుంది. పెద్ద చాపలకి బాగుంటుంది. చిన్న చాపలకి ఆ అదనపు మోకు కాళ్లకి అడ్డం పడటమే తప్ప లాభం కనబడదు, పైగా దించేటప్పుడు ఆ రెండో పేట చాపను ఆపుతుంది.

7. రీఫ్

ఎక్కువమంది అసలు ఇబ్బంది పడేది ఇక్కడ. గాలి ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది. 15 నాట్లు 21 అయ్యేసరికి చాప మీద దాదాపు రెట్టింపు. పడవ ఎంతకీ గాలికేసి తిరగాలని చుక్కానిని గుంజుతున్నా, వంపు 20 డిగ్రీలు దాటి అక్కడే నిలిచిపోతున్నా రీఫ్ వేసేయండి. వేయాలా వద్దా అని అనుమానం వచ్చిందంటే వేళ అయినట్టే.

ముందు ఒడ్డున, గాలి లేనప్పుడు: మొదటి, రెండో రీఫ్‌కి హాలియార్డ్ ఎంత దించాలో చూసి, క్లచ్ దగ్గర మోకు మీద దారంతో కుట్టి గుర్తు పెట్టండి. మొదటి దానికి ఒక చుట్టు, రెండో దానికి రెండు. మార్కర్ గీత ఎండకి వెలిసిపోతుంది, చీకట్లో కనబడదు. కుట్టు చీకట్లో వేలికి తగులుతుంది.

సముద్రం మీద వరస ఇదీ:

అ) పడవని గాలికి దగ్గరగా పెట్టండి. ముక్కు నేరుగా ఎదురుగా ఉండక్కర్లేదు. ముందు చాప పని చేస్తూ ఉంటే పడవకి నడక ఉంటుంది.

ఆ) బూమ్ చివర్ని మోసే టాపింగ్ లిఫ్ట్ బిగించండి. మోకుకి బదులు బూమ్‌ను కింద నుంచి మోసే గట్టి కడ్డీ వ్యాంగ్ ఉన్నవాళ్లకి ఇది అక్కర్లేదు.

ఇ) షీట్ వదలండి, వ్యాంగ్ వదలండి. రెండూ.

ఈ) హాలియార్డ్ గుర్తు దాకా దించి, ముందంచు రీఫ్ రింగును కొక్కేనికి తగిలించండి.

ఉ) హాలియార్డ్ మళ్లీ గట్టిగా బిగించండి.

ఊ) ఇప్పుడు వెనక మూల రీఫ్ మోకు లాగండి, రింగు బూమ్‌ను ముద్దాడేదాకా.

ఋ) వ్యాంగ్, షీట్ బిగించి, టాపింగ్ లిఫ్ట్ వదులు చేయండి.

రీఫ్ మోకు రాయిలా బిగుసుకుందని చెప్పేవాళ్లలో ఎక్కువమంది మెట్టు ‘ఇ’లో వ్యాంగ్ మరిచినవాళ్లే. వించ్ తిప్పుతూ వాళ్లు లాగుతున్నది చాపను కాదు, బూమ్‌ను. వ్యాంగ్ దాన్ని కిందికి పట్టుకుని ఉంది. హ్యాండిల్ బరువెక్కగానే ఆపి పైకి చూడండి.

ఒకే మోకుతో ముందు మూలా వెనక మూలా లాగే పద్ధతి కాగితం మీద అందంగా ఉంటుంది. కానీ మలుపులు ఎక్కువ, మోకు పొడవు ఎక్కువ. రెండో రీఫ్ దగ్గర అది సాధారణంగా మొండికేస్తుంది. నేను రెండు విడి మోకులకే ఓటేస్తాను.

మధ్యలో చాప మడతని కట్టే చిన్న తాళ్లు అలంకారానికే, బరువు మోయడానికి కాదు. రీఫ్ విప్పేటప్పుడు ముందు అవి విప్పాలి. ఒక్కటి మరిచి హాలియార్డ్ లాగితే ఆ కన్నం దగ్గర చాప అడ్డంగా చిరుగుతుంది.

8. షీట్, ట్రావెలర్, ప్రెవెంటర్

షీట్ 4 పేటలది 6 పేటలు చేస్తే తేలికవుతుంది, కానీ లాగాల్సిన మోకు ఒకటిన్నర రెట్లవుతుంది, వదిలేటప్పుడు రాపిడికి మెల్లగా పోతుంది. ముందు పాత గిలకలు మార్చి చూడండి. బూమ్ మధ్యలో షీట్ కట్టి ఉన్న పడవల్లో చివర కట్టిన దానికంటే సుమారు రెట్టింపు బలం కావాలి. అది మీ తప్పు కాదు, డిజైన్ అంతే. అలాంటి పడవలో ట్రావెలర్ కారును, అంటే షీట్ కింది కొసను పడవకి అడ్డంగా కదిపే బండిని, మంచినీళ్లతో కడిగి సజావుగా కదిలేలా ఉంచుకుంటే, గాలి విసురు వచ్చినప్పుడు షీట్ జోలికి పోకుండా దాన్నే కిందికి వదిలేయొచ్చు.

వెనక గాలిలో వెళ్లేటప్పుడు, బూమ్ హఠాత్తుగా అటు నుంచి ఇటు కొట్టకుండా ఆపే ప్రెవెంటర్ మోకు కట్టండి. బూమ్ చివర నుంచి మొదలై, ముక్కు దగ్గర గిలక చుట్టి, కాక్‌పిట్‌లోకి రావాలి. బూమ్ మధ్యలో కట్టకండి, చివర అలలో మునిగితే బూమ్ అక్కడే విరుగుతుంది. మీరు కూర్చున్న చోటి నుంచి వదలగలిగేలా ఉండాలి.

9. దించడం

హాలియార్డ్ వదిలితే చాప బూమ్ మీదే మడతలుగా పడేలా లేజీ జాక్స్, అంటే మాస్ట్ నుంచి బూమ్‌కి రెండు పక్కలా దిగే తాళ్లు, కట్టుకోండి. ఎత్తేటప్పుడు మాత్రం వాటిని వదులు చేసి ముందుకు, మాస్ట్ దగ్గరికి లాగి కట్టేయాలి. లేకపోతే పైబ్యాటెన్ కొస వాటిలో ఇరుక్కుంటుంది. ఎలక్ట్రిక్ వించ్‌తో చాప చింపుకున్నవాళ్లు చింపుకునేది ఎక్కువగా ఇలాగే: కళ్లు బటన్ మీద, బ్యాటెన్ లేజీ జాక్‌లో.

మాస్ట్ లోపలికి చుట్టుకునే చాప ఉన్నవాళ్లకి ఈ తొమ్మిదిలో సగం వర్తించవు. మీకు ఒక్క మాట: చుట్టేటప్పుడు వెనక మూల మోకును పూర్తిగా వదిలేయకండి, కొంచెం బిగుతు ఉంచుతూ చుట్టండి. వదులుగా చుట్టుకున్న చాప ముడతపడి కంతలో ఇరుక్కుంటుంది, అదీ తిరిగి తీయాల్సిన సమయంలో.

తరచూ చేసే తప్పులు

పైకి చూడకుండా లాగడం మొదటిది. హాలియార్డ్ మాస్ట్ పక్కకి పొడుచుకొచ్చిన స్ప్రెడర్ కడ్డీ వెనక చిక్కుకుని ఉంటుంది, మీరు కింద బలం చూపిస్తుంటారు. రెండోది, గాలి పక్కనుంచి వస్తుండగా చాప ఎత్తడం. స్లైడులు ట్రాక్‌కేసి అదిమి ఉంటాయి, ఎంత శుభ్రం చేసినా కదలవు. మూడోది, వదులు మోకు లాగేటప్పుడే వించ్ మీద నాలుగు చుట్లు వేయడం. చుట్టు మీద చుట్టు ఎక్కి బిగుసుకుంటుంది. మొదట ఒకటో రెండో చాలు, బరువు పడ్డాక మూడు, నాలుగు. నాలుగోది, బరువు మీద ఉన్న క్లచ్‌ను అమాంతం తెరవడం. ముందు వించ్ మీదికి బరువు తీసుకోండి, తర్వాత తెరవండి.

మాస్ట్ ఎక్కాల్సి వస్తే రెండు విడి మోకుల మీద ఎక్కండి, కింద ఇంకో మనిషి ఉండాలి. క్లచ్‌ను మాత్రమే నమ్మి ఎవరినీ పైకి పంపకండి.

పని అయిందో లేదో చూసుకోవడం

మళ్లీ అదే త్రాసు, అవే మూడు చోట్లు. పాత అంకెల పక్కన కొత్తవి రాయండి. ఆఖరి మీటరు దగ్గర అంకె చాప బరువుకి 1.3 రెట్లలోపు ఉంటే ఇక దాని జోలికి పోకండి. తగ్గింది గానీ ఇంకా ఎక్కువే ఉంటే మెట్టు 2కి తిరిగి వెళ్లండి, రెండో దొంగ ఉన్నాడు.

తర్వాత పడే పరీక్ష: గాలికి ఎదురుగా, షీట్ వదులుగా పెట్టి, హాలియార్డ్ మోకు చిక్కులు లేకుండా పరిచి, క్లచ్ తెరవండి. చాప ఎవరూ లాగకుండా కనీసం ముప్పాతిక వంతు తనంతట తాను పడాలి. ఎక్కడ ఆగిందో ఆ స్లైడు మీద మార్కర్‌తో గుర్తు పెట్టండి. మళ్లీ ఎత్తి మళ్లీ వదలండి. ప్రతిసారీ అదే స్లైడు ఆగితే స్లైడు అరిగింది. వేరు వేరు స్లైడులు ట్రాక్‌లో అదే ఎత్తులో ఆగితే అక్కడ ట్రాక్‌లో అతుకో, పైకి లేచిన మర మేకు తలో ఉంటుంది.

ఆఖరిది రీఫ్. 10, 12 నాట్ల గాలిలో, అవసరం లేకపోయినా, గడియారం పెట్టుకుని రీఫ్ వేసి తీయండి. మొదటిసారి పది నిమిషాలు పట్టినా పరవాలేదు. అయిదోసారికి మూడు నిమిషాల్లో, ఒక్కసారి కూడా అటూ ఇటూ పరిగెత్తకుండా అయిపోవాలి. అవ్వకపోతే ఏ మెట్టు దగ్గర చెయ్యి ఆగిందో చూడండి, చాలాసార్లు అక్కడ ఒక మోకు చేతికి అందని చోట ఉంటుంది.